డెల్టా ఊళ్లకు ఉమ్మడి మ్యాపు: గూగులా, భువనా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపా, సొంతదా?

2022 జులై. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు. వేరే జిల్లా నుంచి వచ్చిన పడవవాళ్లు మా ఏటిగట్టు మీద నిలబడి ఫోన్ చూపించి అడిగారు. "ఈ ఊరికి అవతల ఇంకో పేట ఉందంట కదా తమ్ముడూ, ఎటు పోవాలి?" ఫోన్‌లో ఉన్న మ్యాపులో ఆ పేట లేదు. నిలువెత్తు నీళ్లలో మునిగిపోయిన కాజ్‌వే మాత్రం శుభ్రమైన రోడ్డులా కనిపిస్తోంది. పక్కనున్న పదో తరగతి కుర్రాడు బిస్కెట్ల అట్టపెట్టె చింపి, బాల్‌పెన్నుతో గీసి ఇచ్చాడు. ఇక్కడ రావిచెట్టు, ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్, దాని ఎడమ పక్కనుంచే పోండి, కుడి పక్క కొబ్బరి దుంగలు కొట్టుకొచ్చి అడ్డం పడ్డాయి. ఆ అట్టముక్క పట్టుకునే వాళ్లు వెళ్లారు, మనుషుల్ని తెచ్చారు. సాయంత్రానికి అట్ట తడిసి ముద్దయిపోయింది.

ఆ కుర్రాడికి తెలిసినదాన్ని మళ్లీ పోకుండా ఎక్కడ పెట్టాలి? రెండు వేసవులుగా మా ఊళ్లో కొందరం ఈ పని మీదే ఉన్నాం. వేరే ఊళ్ల కుర్రాళ్లు, నీటి సంఘం రైతులు, టీచర్లు కూడా మ్యాపు వేద్దామని మొదలుపెట్టి, దేంట్లో వేయాలో తేలక ఆగిపోతున్నారు. అడిగినవాళ్లకు ఫోన్‌లో చెబుతూ వచ్చినదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా చేర్చగలిగే ఉమ్మడి మ్యాపు) వైపు మొగ్గేవాణ్ని, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. అయినా అందరికీ అదొక్కటే సరిపోదు.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: మీరు వదిలేశాక దాన్ని ఎవరు చూసుకుంటారు? డెల్టాలో నేల ఒక్కలా ఉండదు. ఏరు ఒకచోట గట్టు కోసుకుపోతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. నిరుడు వరి చేను, ఈ ఏడు రొయ్యల చెరువు. బోదె (పొలాల మధ్య పిల్ల కాలువ) పూడ్చి దారి వేసుకుంటారు. పట్టించుకునేవాళ్లు లేని మ్యాపు మూడో ఏటికే తప్పులు చెబుతుంది. వరద రోజున తప్పు మ్యాపు, అసలు లేకపోవడం కన్నా ప్రమాదం.

రెండోది, పెట్టిన డేటాను తిరిగి తీసుకోగలమా, పక్క ఊరివాళ్లు దాన్ని వాడుకోగలరా అన్నది. కనకాయలంకనే చూడండి. అది పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది, దాని కాజ్‌వే దారేమో కోనసీమ వైపు చాకలిపాలెంలో తేలుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇలాంటి చిక్కులు ఇంకా పెరిగాయి. మురుగు కాలువకు జిల్లా సరిహద్దు తెలియదు. ఎగువ ఊరు తన మ్యాపు, దిగువ ఊరు తన మ్యాపు వేసుకుని, ఒకదాన్ని ఇంకొకదానికి కలపలేకపోతే రెండూ సగం సగమే. ఎగువన తూము దగ్గర ఒకరు అడ్డం వేస్తే శివారు చేలు ఎండిపోవడం మనకు కొత్త కాదు కదా, డేటా విషయంలోనూ అంతే.

మూడోది, కరెంటు పోయి, టవర్ పడిపోయాక కూడా అది పనిచేస్తుందా? నాలుగోది, బయటపెట్టకూడని వివరాలను దాచే వీలుందా? మంచాన పడిన ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, నెలలు నిండిన ఆడవాళ్లు ఎక్కడున్నారు అన్నది పడవవాళ్లకు తప్పనిసరిగా కావాలి, ఊరందరి కళ్లలో మాత్రం పడకూడదు. ఇక తెలుగులో పేర్లు రాసుకోవడం మనం గీసుకునే వాటన్నిటిలోనూ కుదురుతుంది కాబట్టి దాని మీద టెన్షన్ అక్కర్లేదు.

| | గూగుల్ మై మ్యాప్స్ | ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ | భువన్ (ఇస్రోది), ప్రభుత్వ మ్యాపులు | సొంత డేటా, క్యూజీఐఎస్‌లో (మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్) |
|---|---|---|---|---|
| నేర్చుకోవడానికి | ఒక గంట | రెండు మూడు రోజులు | చూడ్డానికైతే ఒక పూట | రెండు మూడు వారాలు |
| మార్చేది ఎవరు | అకౌంట్ ఉన్నవాళ్లు, వాళ్లు అనుమతించినవాళ్లు | ఎవరైనా | ఆ శాఖే | మీ బృందం |
| డేటా బయటికి తీయడం | మీరు వేసినంతవరకు వస్తుంది | మొత్తం వస్తుంది | కొన్ని లేయర్లే | మీ దగ్గరే ఉంటుంది |
| సిగ్నల్ లేనప్పుడు | నమ్మలేం | బాగా పనిచేస్తుంది | కష్టం | పనిచేస్తుంది |
| రహస్య వివరాలు | జాగ్రత్తగా ఉంటే పర్లేదు | పెట్టకూడదు | మీ చేతిలో లేదు | దీనికి ఇదే తగినది |
| ఆఫీసుల్లో చెల్లుబాటు | తక్కువ | తక్కువ, పెరుగుతోంది | ఎక్కువ | కొలతలను బట్టి |

## గూగుల్ మై మ్యాప్స్

మన సొంత మ్యాపు గీసుకునే గూగుల్ వెబ్ టూల్ ఇది. గూగుల్ అందరికీ అలవాటే కాబట్టి ఎవరికీ భయం ఉండదు. పాయింట్లు పెట్టి, గీతలు గీసి, లింకు వాట్సాప్ గ్రూపులో పడేస్తే అయిపోయింది. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి ఒక్కరోజు పనికి ఇంతకన్నా మంచిది లేదు. ప్రభలు వచ్చే దారులు, అవి కౌశిక కాలువ దాటే చోటు, బళ్లు నిలిపే పొలాలు, మంచినీళ్లు ఇచ్చే చోట్లు ఒక పూటలో పెట్టేయొచ్చు. కనుమ అయిపోయాక ఆ మ్యాపు పాతబడినా నష్టం లేదు.

ఏళ్ల తరబడి నిలవాల్సిన పనికి మాత్రం నేను వద్దంటాను. అది ఒకరి అకౌంట్ మీద నడుస్తుంది. మా మొదటి మ్యాపు వేసిన అబ్బాయి కువైట్ వెళ్లాడు, పాస్‌వర్డ్ కూడా అతనితోపాటే వెళ్లింది. ఎడిటింగ్ అనుమతి ఇంకెవరికైనా ఇవ్వాలని మాకు తట్టలేదు. ఎనిమిది నెలలు ఆ మ్యాపును చూస్తూ కూర్చున్నాం, ఒక్క గీత మార్చలేకపోయాం. మీరు దీన్నే వాడాలనుకుంటే మొదటిరోజే కనీసం ముగ్గురికి ఎడిటింగ్ అనుమతి ఇవ్వండి. నెలకోసారి కేఎంఎల్ (మ్యాపు డేటా) ఫైలుగా దించి దాచండి.

ఇంకో మాట. మన పేటను నేరుగా గూగుల్ మ్యాప్స్‌లోనే చేర్చమని పంపొచ్చు. చేర్చాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. చేర్చాక దారి వెతుక్కునేవాళ్లకు మేలే, కాబట్టి పంపండి. అలా పంపినవన్నీ కలిపి ఊరి మ్యాపుగా వెనక్కి తీసుకునే వీలు ఉండదని మాత్రం గుర్తుంచుకోండి.

## ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్

2004లో బ్రిటన్‌లో మొదలైన ఉమ్మడి మ్యాపు ఇది. ఎవరైనా చేర్చొచ్చు, ఎవరైనా మొత్తం డేటా దించుకుని ఏ పనికైనా వాడుకోవచ్చు. ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పాలి, ఆ డేటాను పెంచి బయటపెడితే దాన్నీ అలాగే అందరికీ ఇవ్వాలి. షరతులు ప్రధానంగా ఇవే. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి రాజధాని వీధులన్నీ కొద్ది రోజుల్లో ఇందులో గీశారు. సహాయక బృందాలు వాటినే వాడుకున్నాయి.

మన దగ్గర ఆ పద్ధతి సగమే పనిచేస్తుంది. భీమవరం వైపు వరి చేలు, చేపల చెరువులు ఉన్నచోట పై నుంచి చూస్తే గట్లు, కాలువలు గీత గీసినట్టు కనిపిస్తాయి, ఇంట్లో కూర్చునే గీయొచ్చు. కోనసీమలో పై నుంచి చూస్తే కొబ్బరి మట్టలే. వాటి కింద ఇళ్లున్నాయో, బోదె ఉందో, పుంత (మట్టి బాట) ఉందో ఏ ఉపగ్రహమూ చెప్పదు. నడవాల్సిందే. నడిచినా ఫోన్ జీపీఎస్ ఆరుబయట నాలుగైదు మీటర్ల తేడాతో చూపిస్తే, తోటలో ఇంకా పక్కకు జరుగుతుంది. అందుకే ఒకే దారిని రెండుసార్లు, ఎదురెదురుగా నడిచి సగటున గీత గీస్తాం.

మా మురుగు కాలువ వెంబడి మాతో నడిచింది పాతికేళ్లు లష్కర్‌గా (కాలువలు చూసుకునే మనిషిగా) చేసి రిటైరైన పెద్దాయన. రెండు కిలోమీటర్లకు ఒక పూటంతా పట్టింది. ఒక తూము దగ్గర ఆగి, గుర్రపుడెక్క చేత్తో పక్కకు నెట్టి, కింద ఇటుక గోడ చూపించాడు. "దీనికి తలుపు ఉండేదండి. ఇప్పుడు లేదు. అందుకే ఏట్లో నీళ్లు లేస్తే మురుగు ఎగదన్ని చేలల్లోకొచ్చేత్తాది, ఆయ్." ఆ తూము మాకు దొరికిన ఏ మ్యాపులోనూ లేదు. దాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టిన రోజు, ఇక ఇది ఎక్కడికీ పోదు అనిపించింది.

ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్, ఎవ్రీడోర్ లాంటి యాప్‌లతో చిన్న చిన్న వివరాలు చేర్చొచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌యాండ్‌లలో ముందే మ్యాపు దించుకుంటే సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. లంకలవాళ్లకు (ఏటి మధ్య ఊళ్లవాళ్లకు) ఈ ఒక్క కారణం చాలు.

లోపాలు కూడా చెప్పాలి. ఎవరైనా మార్చొచ్చు కాబట్టి తెలియక చెడగొట్టేవాళ్లూ ఉంటారు. ప్రతి మార్పుకీ చరిత్ర ఉంటుంది, వెనక్కి తేవచ్చు, కానీ ఎవరో ఒకరు కన్నేసి ఉంచాలి. వరదలో ఈ రోజు ఏ దారి మునిగింది అన్నట్టు రోజుకోలా మారే సంగతులకు ఇది చోటు కాదు. కాజ్‌వే ముంపుకు గురయ్యేదని మాత్రం శాశ్వతంగా గుర్తు పెట్టొచ్చు, పెట్టండి. గూగుల్ చూసి గీయడం ఇక్కడ నిషిద్ధం. ప్రభుత్వ మ్యాపుల నుంచి కూడా లైసెన్స్ ఒప్పుకుంటే తప్ప ఎక్కించకూడదు. కళ్లతో చూసింది, కాళ్లతో నడిచింది, అనుమతి ఉన్న ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది, అంతవరకే.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త. మన ఊళ్లలో కొన్ని పేటలకు బయటివాళ్లు పిలిచే పేరు ఒకటి, అక్కడుండేవాళ్లు చెప్పుకునే పేరు ఇంకొకటి. కులం పేరుతో పిలిచే అలవాటు పోని చోట్లు ఉన్నాయి. మేము ఒక నియమం పెట్టుకున్నాం. పేటలో ఉండేవాళ్లను, అందులోనూ ఆడవాళ్లను, అడిగి వాళ్లు చెప్పిన పేరే రాస్తాం. ఒకచోట దానికోసం మూడుసార్లు వెళ్లాం, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని చెప్పేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచాం. ఒకసారి ఉమ్మడి మ్యాపులో ఎక్కిన పేరు వంద యాప్‌లలో కనిపిస్తుంది, అందుకే ఇంత పట్టుదల.

## భువన్, సర్వే మ్యాపులు

ఇస్రో 2009లో తెచ్చిన భువన్‌ను హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడుపుతోంది. రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోంచి కూడా చూస్తాయి, కాబట్టి వరద ఎంతమేర పరుచుకుందో జిల్లా మొత్తానికి తెలుసుకోవాలంటే దీనికి సాటి లేదు. మన ఊరి కుర్రాళ్లు ఎంతమంది నడిచినా ఆ పని చేయలేరు. తోటల కింద నిలిచిన నీళ్లను మాత్రం రాడార్ కూడా అంత తేలిగ్గా పట్టలేదు.

సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు (నేల తీరు చూపే మ్యాపులు) 2017 నుంచి భారతీయులు ఉచితంగా దించుకోవచ్చు. 1:50,000 స్కేలు అంటే కాగితం మీద సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఉప్పుటేరు, యనమదుర్రు డ్రెయిన్ కనిపిస్తాయి గానీ మీ చేను పక్క బోదె కనిపించదు. పొలం హద్దులకైతే రెవెన్యూ, సర్వే శాఖల ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), రీసర్వేలో ఇచ్చిన ఎల్‌పీఎం (భూకమతం మ్యాపు) మాత్రమే దిక్కు. మన మ్యాపు గట్టు తగాదాలకు పనికిరాదని మొదటి మీటింగులోనే గట్టిగా చెప్పండి. మేము చెప్పలేదు, రెండో వారానికే ఇద్దరు అన్నదమ్ములు మా గీతలు పట్టుకుని పంచాయతీకి వచ్చారు.

ప్రభుత్వ డేటాకు ఉన్న బలం చెల్లుబాటు, బలహీనత మన చేతిలో లేకపోవడం. తప్పు కనిపిస్తే అర్జీ పెట్టాలి, ఎదురుచూడాలి. అర్జీలో ఒక మాట రాయండి. ప్రజాధనంతో తయారైన భౌగోళిక డేటా, రహస్యమైనది తప్ప, భారతీయులందరికీ తేలిగ్గా అందాలని 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలే చెబుతున్నాయి. మనం మ్యాపు వేసుకోవడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదన్నది కూడా వాటిలోనే ఉంది. రక్షణ సంబంధమైనవి, సున్నితమైనవి అని పేర్కొన్న వివరాలు మాత్రం ముట్టుకోకూడదు. డ్రోన్ ఎగరేయాలంటే దాని నిబంధనలు వేరు.

## సొంత డేటా

క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్, దాని తోడుగా ఫోన్‌లో క్యూఫీల్డ్. మొత్తం డేటా ఒక ఫైలులో మీ లాప్‌టాప్‌లో ఉంటుంది. ఎవరికి ఎంత చూపించాలో మీ ఇష్టం. వరదలో ముందు తీసుకురావాల్సిన ఇళ్ల జాబితా పెట్టాల్సింది ఇక్కడే, అదీ పాస్‌వర్డ్ కింద, ఆ ఇంటివాళ్ల ఒప్పుదలతో.

డెల్టాకు అసలు ప్రాణం లాంటి డేటా కూడా ఇక్కడే పుట్టాలి. అదే నేల మట్టం. మన దగ్గర మెరకకూ పల్లానికీ తేడా రెండు మూడు అడుగులు. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల్లో తప్పే మీటర్లలో ఉంటుంది. ఇక మురుగు ఎటు పారుతుందో అవేం చెబుతాయి? కొబ్బరిచెట్టు తల ఎత్తునే నేల ఎత్తుగా చూపించిన సందర్భాలు మేమే చూశాం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో మురుగు పారకపోవడం ఒకటి. డ్రెయిన్ ఎక్కడ పూడిందో, ఏ తూము అడుగు ఎంత ఎత్తులో ఉందో అంకెల్లో చూపించగలిగితే ఇంజనీర్ల ముందు మాట్లాడే తీరే మారుతుంది. దానికి ఆటోలెవెల్ (మట్టం చూసే పరికరం), స్టాఫ్ కర్ర (కొలత గీతల కర్ర), ఓపిక కావాలి. దగ్గర్లో పాలిటెక్నిక్ కాలేజీ సివిల్ బ్రాంచ్ ఉంటే వెళ్లి అడగండి, విద్యార్థులకు ప్రాజెక్టు, మీకు కొలతలు. మాకు అలాగే జరిగింది.

ఇందులో భయం ఒక్కటే: తెలిసిన మనిషి ఒక్కడే ఉండటం. లాప్‌టాప్ పాడైతే అంతా పోతుంది. ఫైలు మూడుచోట్ల ఉంచండి, అందులో ఒకటి వరద రాని ఊళ్లో.

## మీరు ఎవరైతే ఏది

లంక గ్రామంలో నలుగురైదుగురు కుర్రాళ్లు, చేతిలో ఫోన్లు తప్ప ఏమీ లేవు అంటే నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి వెళ్లండి. పేటలు, దారులు, రేవులు, ఎత్తైన బిల్డింగులు, కాజ్‌వేలు ముందు ఎక్కించండి. మెప్పు ఆలస్యంగా వస్తుంది, పని మాత్రం నిలుస్తుంది. ఒక్క పని అదనంగా చేయండి: ఆ మ్యాపును ఫ్లెక్సీ మీద ప్రింటు తీయించి రామాలయం దగ్గర, స్కూల్లో కట్టండి. ఫ్లెక్సీ నానదు, ఛార్జింగ్ అడగదు.

నీటి సంఘం, శివారు రైతులు అయితే సొంత డేటా తప్పదు, మట్టాలు లేని మురుగు మ్యాపు సగం మ్యాపే. కాలువలు, డ్రెయిన్లు, తూములు ఉన్నచోటు మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టండి. ఎగువ ఊరివాళ్లు కూడా అదే పని చేస్తే గీతలు వాటంతటవే కలుస్తాయి. ఎవరి పొలం ముందు పూడిక ఉంది, ఎవరు అడ్డం వేశారు అన్నవి సొంత ఫైలు దాటనివ్వకండి. ఊళ్లో తగాదా మొదలైతే మ్యాపు మూలపడుతుంది.

సచివాలయం, పంచాయతీ వాళ్లకు నా సలహా వేరు. మీకు శాఖ ఇచ్చే యాప్‌లు ఉన్నాయి, అవే వాడాలి, మంచిదే. కానీ బదిలీ అయ్యాక మీకు తెలిసిన ఊరు మీతోనే వెళ్లిపోకూడదు. అందరికీ తెలియొచ్చే వివరాల్ని, అంటే పునరావాస కేంద్రాలు, మంచినీటి ట్యాంకులు, పీహెచ్‌సీలు, పడవ కట్టే చోట్లు, పై అధికారిని అడిగి ఉమ్మడి మ్యాపులో కూడా పెట్టించండి.

కాలేజీ లెక్చరర్లకైతే నాలుగూ వాడే అవకాశం ఉంది. ఉపగ్రహం చూపించిన ముంపును, ఊళ్లో గోడల మీద నీటి చారలతో పోల్చే పని ఇంతవరకు మా చుట్టుపక్కల ఎవరూ చేయగా నేను చూడలేదు. 1986లో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద ఎంతవరకు ఎక్కిందో తమ ఇంటి గోడ చూపించి చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పిల్లల్ని తీసుకెళ్లి ఆ గుర్తుల ఫొటోలు, మట్టాలు తీయించండి. వాళ్లున్నప్పుడే.

ఒక్క పండగకో, ఒక్క క్యాంపుకో అయితే గూగుల్ మై మ్యాప్స్ చాలు, మిగతావాటి జోలికి పోకండి.

ఏది ఎంచుకున్నా మొదలుపెట్టే రోజు మాత్రం నేను చెబుతాను. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్లు తీసేసిన ఆ కొద్ది వారాల్లోనే తూముల అడుగులు, విరిగిన తలుపులు, పూడిక కళ్లకు కనిపిస్తాయి. జూన్‌లో నీళ్లు వదిలాక మళ్లీ ఏడాది ఆగాలి. పొద్దున్నే ఆరుకల్లా, ఎండ ఎక్కకముందే, ఒక లష్కర్‌నో పాత రైతునో వెంటబెట్టుకుని డ్రెయిన్ ఏట్లో కలిసే చోటునుంచి పైకి నడవండి. నోట్‌బుక్ తీసుకెళ్లండి, ఫోన్ మధ్యలో ఆగిపోతుంది.